‘ఇక్కడి నుంచి 45 నిమిషాలు’ అనే బోర్డుగారికి బహిరంగ లేఖ

అయ్యా బోర్డుగారూ,

నమస్కారములు. చెన్నైకి దక్షిణాన, సముద్రపు గాలి తగులుతుందని టికెట్టు కొన్నవారు నమ్మే దూరంలో ఉన్న ఒక వినోద ఉద్యానంలో, కొత్తగా తెరిచిన రోలర్ కోస్టర్ అనే ఫ్యామిలీ రైడు క్యూలో, రేకుల పందిరి మొదలయ్యే చోట ఇనుప కమ్మీకి మిమ్మల్ని బిగించారు. పసుపు పలక మీద నల్లరంగుతో ‘ఇక్కడి నుంచి 45 నిమిషాలు’ అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ మీరు ప్రకటిస్తున్నారు. నగరంలోని పెరంబూరు నుంచి మూడు తరాలవాళ్ళం కలిసి వచ్చి మీ ఎదుట నిలబడిన తెలుగు కుటుంబం మాది. ఈ లేఖ రైడుకు రాయలేదు. అది తన పని తాను చేసింది. యాజమాన్యానికి రాస్తే ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అన్న జవాబు తక్షణం వస్తుంది, ఆ ప్రాంగణంలో తక్షణం జరిగే పని అదొక్కటే. అంకెతో సహా మాకు మాట ఇచ్చినవారు మీరే కనుక తేల్చుకోవలసిందీ మీతోనే.

ముందుగా మీ పక్షాన చెప్పవలసినది చెబుతాను. మీ అంకె ఉదయమూ మధ్యాహ్నమూ మారకుండా ఉండటం చూసి నవ్వినవారు క్యూలో చాలామంది ఉన్నారు, కాని ఆ నవ్వు అన్యాయం. ప్రవేశద్వారం దగ్గర వేలాడే బోర్డయితే రద్దీని బట్టి గంటగంటకూ మారాలి. మీరు అలా కాదు. మీ దాకా వచ్చి నిలబడినవాడి ముందు ఎంతమంది పడతారో కమ్మీల మధ్య ఉన్న చోటును బట్టి ముందే తెలుసు, అంతమందీ ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో మీరు చెబుతున్నారు, అంతే. రంగుతో రాసిన అంకె ఎల్లకాలం నిజం కావడానికి ఒకే ఒక్క షరతు ఉంది: బండ్లు ఎప్పుడూ అదే వేగంతో, నిండుగా, బయలుదేరుతూ ఉండాలి. ఆ షరతు మాత్రం మీ మీద ఏ భాషలోనూ లేదు.

వరుసలో నిలబడటం గురించి లోకం ఎప్పుడో ఆలోచించింది. టెలిఫోను కాల్స్ ఏ తీరున వచ్చి పడతాయో లెక్కగడుతూ కోపెన్‌హేగన్‌లో ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1909లో ప్రచురించిన పత్రంతో క్యూల శాస్త్రం మొదలైంది. వరుసలో ఉన్నవారి సంఖ్య, గంటకు వచ్చి చేరేవారి సంఖ్యను ఒక్కొక్కరు సగటున వేచి ఉండే కాలంతో హెచ్చవేస్తే వచ్చేదానితో సమానమని జాన్ లిటిల్ అనే అమెరికన్ 1961లో నిరూపించాడు. వరుస పెరగక తరగక నిలకడగా ఉంటే, వచ్చి చేరేవారూ ఎక్కి వెళ్ళేవారూ సమానమే కనుక మీ మీది అంకె పుట్టుక తెలుసుకోవడానికి ఈ సూత్రం చాలు. లెక్క సులువుగా ఉండేందుకు మీకూ ప్లాట్‌ఫారానికీ మధ్య 450 మంది ఉన్నారనుకుందాం. బండికి 20 సీట్లు, రెండు నిమిషాలకొక బండి అయితే గంటకు 600 మంది ఎక్కుతారు. 450 మందికి సరిగ్గా 45 నిమిషాలు. కాగితం మీద మీరు నిర్దోషులు.

ఇప్పుడు ప్లాట్‌ఫారం సంగతి. మా మామగారు దక్షిణ రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. బండి ఎక్కడ ఆగినా కారణం తెలిస్తే తప్ప ఆయనకు కుదురుండదు. స్టేషను అవతల కదలకుండా నిలిచిపోయిన రెండో బండిని చూపించి, “అది అలా ఎందుకు ఆగిందండీ మామయ్యగారూ?” అని నేనడిగితే, “ముందు బ్లాకు ఖాళీ కాకుండా వెనక బండిని ఎలా వదులుతారు బాబూ? మా దగ్గరా అంతేగా” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. పట్టాలను భాగాలుగా విడదీసి, ఒక భాగంలో ఒకే బండి ఉండేలా కాపలా కాసే పద్ధతి రోలర్ కోస్టర్లకు రైల్వేల నుంచి వచ్చిందే. ముందు బండి మనుషులను దించి, కొత్తవారిని ఎక్కించుకుని కదిలితేనే వెనక బండికి ప్లాట్‌ఫారం దొరుకుతుంది. కాబట్టి ఎన్ని బండ్లు కొన్నా, ఎంత వేగంగా పరుగెత్తించినా, ఆలస్యం పుట్టేది ఆ నాలుగు బారల సిమెంటు గచ్చు మీదే.

ఆ గచ్చు మీద ఏం జరుగుతుందో మీరు ఎన్నడూ చూసి ఉండరు, మీ ముఖం క్యూ వైపుకు ఉంటుంది. ఒక అమ్మమ్మగారు చెప్పులు ఎక్కడ వదలాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడతారు. ఆవిడ కుచ్చిళ్ళు సీటుకూ కమ్మీకీ మధ్య ఇరుక్కోకుండా కోడలు సర్దుతుంది. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకొమ్మంటే తాతగారు జేబులేని లాల్చీ చూపిస్తారు. నీళ్ళ సీసాలూ, సంచులూ, చంకలోని ఎలుగుబంటి బొమ్మా అరలోకి చేరాలి. ఒక పిల్లవాడు ముందు సీటు కావాలని ఏడుస్తాడు, వాడి చెల్లెలు అసలు ఎక్కనని ఏడుస్తుంది. ఆ తరువాత నడుము మీదికి దిగే కమ్మీని పనివాడొకడు ప్రతి ఒడి దగ్గరా లాగి చూడాలి, రెండోవాడు మళ్ళీ చూడాలి, ఇద్దరూ బొటనవేలు ఎత్తితేనే మూడోవాడు మీట నొక్కాలి. ఇందులో ఒక్క క్షణమైనా మిగిల్చుకొమ్మని నేను అడగను. భద్రత దగ్గర తొందర పడవలసిన అవసరం ఎవరికీ లేదు. ముసలివారినీ పసివారినీ ఒకే బండిలో కూర్చోబెడతామని పిలిచిన రైడుకు ఈ ఆలస్యం పుట్టుకతో వచ్చిన గుణం. దీన్ని ముందే లెక్కలో వేసుకోకపోవడం మాత్రం మీకు అంకె రాసిచ్చినవారి తప్పు.

మామగారు చేతిగడియారం పెట్టి చూశారు. బండికీ బండికీ మధ్య సుమారు నాలుగు నిమిషాలు పడుతోంది. అంటే గంటకు 600 కాదు, 300 మంది. మీ 45 నిమిషాలు అక్కడికక్కడే గంటన్నర అయ్యాయి. వరుసకు ఇద్దరు కూర్చునే బండిలోకి ముగ్గురున్న కుటుంబాలు ఎక్కినప్పుడు ఒక్కొక్క సీటు ఖాళీగా వెళ్ళిపోవడాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, అది మీకు నా తరఫున రాయితీ.

ఇక ఫాస్ట్ పాస్, అంటే మామూలు వరుసను తప్పించే పాసు. 1999లో డిస్నీ ఉద్యానాలు ఈ పేరుతో పద్ధతి మొదలుపెట్టినప్పుడు అది టికెట్టు కొన్న అందరికీ ఉచితం. ఫలానా వేళకు రమ్మని చీటీ ఇచ్చేవారు, ఆలోగా మరోచోట తిరిగి రావచ్చు. 2021లో ఫ్లోరిడాలో ఆ ఉచితం పోయి డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. మన దగ్గర ఉచితమనే బాల్యదశ లేకుండానే అది నేరుగా యౌవనంలో అడుగుపెట్టింది. మీకు ఎడమవైపు, పైన పంకాలు తిరిగే వేరే దారిలో ఆ పాసు కొన్నవారు నడిచి వెళ్తారు, నిలబడరు, నడుస్తారు. బండిలో మూడోవంతు సీట్లు వారికి పోయాయనుకుంటే మన వరుసకు గంటకు 200 సీట్లు మిగిలాయి. 450 మందికి రెండుంపావు గంటలు. ఇందులో ఒక చక్కని వ్యాపార సూత్రం ఉంది, గమనించే ఉంటారు: వేచి ఉండటం ఎంత దుర్భరమైతే ఆ ఖరీదైన పాసు అంత ముద్దొస్తుంది. అందరూ పది నిమిషాల్లో ఎక్కగలిగిన నాడు దాన్ని కొనేవాడు ఉండడు. కనుక క్యూ ఆ సంస్థకు సమస్య కాదు, సరుకు.

అలాగైతే మీ మీద ఆ రెండుంపావు గంటలనే 135 నిమిషాలు అని రాసి పాసులు మరిన్ని అమ్ముకోవచ్చు కదా అని అనుమానం రావచ్చు. జవాబు మిమ్మల్ని బిగించిన చోటులోనే ఉంది. మీరు టికెట్టు కౌంటరు దగ్గర లేరు, క్యూ మొదట్లో లేరు. రెండు పక్కలా నడుమెత్తు కమ్మీలు, వెనక వంద కుటుంబాలు ఉన్న చోట, వెనక్కి పోదామన్నా దారి లేని చోట మీరు కనిపిస్తారు. అక్కడ అంకె నిర్ణయం తీసుకోవడానికి పనికిరాదు, ఓదార్చుకోవడానికి పనికొస్తుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసిన నిరీక్షణ కంటే దీర్ఘంగా తోస్తుందని, నిరీక్షణ మనస్తత్వాన్ని పరిశీలించిన డేవిడ్ మైస్టర్ 1985లోనే రాశాడు. అన్యాయంగా తోచే నిరీక్షణ, న్యాయంగా తోచేదాని కంటే దీర్ఘమని కూడా ఆయనే అన్నాడు. మొదటి మాట ఆధారంగా మిమ్మల్ని నియమించినవారు రెండో మాట చదివినట్టు లేదు. ఈ వ్యాపారంలో ఆరితేరినవారు కనీసం అంకెను కొంచెం పెంచి రాస్తారు, అరవై అని చెప్పి యాభైలో ఎక్కిస్తే జనం సంతోషిస్తారని. ఆ పాటి మర్యాదైనా మీకు నేర్పలేదు.

తిరుమల పోలిక తేవద్దని మా ఆవిడ ముందే హెచ్చరించింది. ఆమె మాట సబబే, ఎందుకంటే పోలిస్తే నష్టపోయేది మీరు. అక్కడ కంపార్టుమెంటులో కూర్చోవచ్చు, పాలూ అన్నప్రసాదమూ కూర్చున్న చోటికి వస్తాయి, ఏ వేళకు రావాలో రాసిన టోకెను ముందే చేతికిస్తారు. అన్నిటికీ మించి చివర దొరికే దర్శనం కొన్ని క్షణాలే అయినా తక్కువైందని గొడవపడేవాడు ఉండడు. మీ దగ్గర మే నెల కర్తరి ఎండలో రేకుల కింద గంటన్నర నిలబడినవాడికి దొరికేది రెండు నిమిషాల లోపు ప్రయాణం. కదలకుండా నిలబడటం ఈ నగరానికి కొత్తేమీ కాదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వీజీపీ వారి వినోద ఉద్యానంలో ద్వారపాలకుడి వేషం వేసుకుని, ఎవరెన్ని కోతిచేష్టలు చేసినా రెప్ప కదపకుండా గంటల తరబడి నిలబడే మనిషిని చూపించడానికి మా తరం పిల్లలను పెద్దలు తీసుకెళ్ళేవారు. అయితే ఆయన అలా నిలబడినందుకు జీతం తీసుకునేవాడు.

మీ మీద నాకున్న అసలు కోపం మీ అంకె గురించి కాదు, మీ తోటి ఉద్యోగి గురించి. ప్లాట్‌ఫారం మెట్ల దగ్గర ఒక కొలకర్ర ఉంది. పెద్దలు పక్కన ఉన్నా సరే, ఆ గీత కంటే పొట్టి పిల్లలను ఎక్కించరు. నియమం సరైనదే, నడుము కమ్మీ పిల్లల ఒంటికి ఆనకపోతే ప్రమాదం. కాని దాన్ని క్యూ మొదట్లో కాకుండా చివర పాతిన బుద్ధిశాలి ఎవరో తెలుసుకోవాలని ఉంది. అంతసేపూ తాతయ్య చేయి పట్టుకుని, వందసార్లు “ఇంకా ఎంతసేపు?” అని అడుగుతూ వచ్చిన మా బావమరిది కూతురు గీతకు రెండు వేళ్ళు తక్కువ తేలింది. నెత్తిన కట్టిన పిలకను కూడా కలిపి కొలవమని మా మామగారు వాదించారు; మా ఆవిడ ఆ పిలక నొక్కి చూపించబోయి కేసు పాడుచేసింది. చివరికి బావమరిది భార్య పిల్లను ఎత్తుకుని పక్కనున్న చిన్న గేటులోంచి దిగి వెళ్ళింది. ‘ఫ్యామిలీ’ అని రాసిన రైడులో మా ఫ్యామిలీ అలా రెండయింది.

ఇంతకీ నిలబడినందుకు ఫలితం దక్కిందా అంటే, దాపరికం లేకుండా చెబుతాను. రైడు బాగుంది. అద్భుతం అనను. చైను టకటకమంటూ పైకి లాగేటప్పుడు సరుగుడు తోటల మీదుగా సముద్రపు గీత కనిపిస్తుంది, తరువాత ఒక దిగుడు, రెండు మలుపులు, చీకటి సొరంగంలో అందరూ కావాలని పెట్టే కేక, బ్రేకులు. అరవై దాటిన మామగారికి నడుము పట్టలేదు, ఎనిమిదేళ్ళ మా అమ్మాయికి విసుగు పుట్టలేదు. ఇవి చిన్న విషయాలు కావు. వినోద ఉద్యానంలో ఎప్పుడూ ఇల్లు రెండు జట్లుగా చీలుతుంది: రైడు ఎక్కేవారు, సంచులు కాసేవారు. తాతా మనవరాలూ పక్కపక్కన కూర్చుని అరిచే అవకాశం ఆ ప్రాంగణమంతటా ఇక్కడే ఉంది, జనం ఇక్కడే మూగడానికి కారణమూ అదే. నిమిషానికి నిమిషం చొప్పున లెక్కగట్టి రెండు నిమిషాల కోసం గంటన్నరా అని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. పెళ్ళిలో తాళి కట్టే ముహూర్తం కూడా అంతసేపే. అరగంట నిలబడటానికి ఈ రైడు నిస్సందేహంగా తగినది. మీరు చెప్పిన 45 నిమిషాలు నిజమైతే పిల్లల మొహం చూసి ఒప్పుకుంటాను. గంటన్నరకు తగదు. ఇక రెండుంపావు గంటలకు తగిన రైడును ఇంకా ఎవరూ కట్టలేదు.

ఎక్కాలనుకునేవారికి దారి ఉంది, మీకు నచ్చకపోయినా చెబుతాను. కొత్త రైడు తెరిచిన తొలి నెలల్లో సెన్సర్లు చీటికిమాటికి అలిగి బండిని ఆపుతాయి, పనివారికీ ఇంకా చేయి తిరగదు. ఆ రోజులు గడవనివ్వాలి. బడులు నడుస్తున్న కాలంలో వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టి, గేటు తీయగానే మిగతావన్నీ వదిలి ముందు ఇక్కడికే రావాలి. పిల్లల ఎత్తు ఇంట్లోనే గోడకు కొలిచి రావాలి, పిలక లేకుండా.

మీ వంతుగా కొన్ని పనులు జరగాలి. ఆ కొలకర్రను క్యూ మొదటికి మార్పించి, గీత దాటిన పిల్లల చేతికి రంగు పట్టీ కట్టించండి. ప్లాట్‌ఫారం మీద సంచులు అందుకోవడానికీ పెద్దవారిని కూర్చోబెట్టడానికీ మరో ఇద్దరిని వేస్తే నాలుగు నిమిషాలు మూడవుతాయని, దాంతో గంటకు వందమంది ఎక్కువ ఎక్కుతారని మామగారి అంచనా. ఆ ఇద్దరి జీతం ఒక పూట అమ్మే పాసుల డబ్బులో వస్తుంది. ఇవేవీ కుదరకపోతే కనీసం మీ మీది రంగు గీకించి, ఒక సుద్దముక్క కట్టించి, ప్లాట్‌ఫారం మీద గడియారం చూసిన మనిషి చేత గంటకొకసారి అంకె రాయించుకోండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను. ఎంతసేపట్లో వస్తుందో మాత్రం దయచేసి మీరు చెప్పకండి.

ఇట్లు,
పందిరి కింద నాలుగో మలుపు దగ్గర నిలబడిన
పెరంబూరు వాస్తవ్యుడు