సిరోంచలో జ్వరమొస్తే ప్లాస్మా ఎవరివ్వాలి?

చంద్రపూర్ ప్రాంతం నుంచి నాగపూర్ గోరేవాడ వన్యప్రాణి రక్షణ కేంద్రానికి తరలించిన మూడు పులులు 2024 డిసెంబరు చివర్లో చనిపోయాయి. కారణం హెచ్‌5ఎన్‌1, అంటే బర్డ్ ఫ్లూ వైరస్. పులినే పడగొట్టిన జబ్బు సంతలో నాటుకోళ్లు బేరమాడే మనిషిని వదులుతుందా అన్న భయం మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ తెలుగువారికి ఉండటంలో వింత లేదు. ఆ వెంటే కోవిడ్ నాటి ప్లాస్మా చికిత్స గుర్తొస్తుంది: కోలుకున్నవారి రక్తంలోని ద్రవాన్ని రోగికి ఎక్కించడం.

ఈ చికిత్సను కొట్టిపారేయలేం. 2006 జూన్‌లో చైనాలోని షెన్‌జెన్‌లో 31 ఏళ్ల రోగికి, అంతకుముందు ఇదే జబ్బు నుంచి బయటపడిన వ్యక్తి ప్లాస్మాను 200 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు ఎక్కించారు. 32 గంటల్లో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గింది, మనిషి బతికాడు. కానీ ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు కూడా వాడారు. ఏది కాపాడిందో ఒక్కడిని చూసి తేల్చలేం.

కోవిడ్‌లో ప్లాస్మా కోసం ఎంత పరుగెత్తామో! 39 ఆసుపత్రుల్లో 464 మందిపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన పరిశోధనలో అది మరణాలను తగ్గించలేదని 2020లోనే వెల్లడైంది. మార్గదర్శకాల్లోంచి తీసేసింది మాత్రం 2021 మేలో. అయితే ఆ ఫలితాన్ని బర్డ్ ఫ్లూకు అలాగే అంటగట్టడమూ తొందరపాటే. నాటి రోగుల్లో చాలామందికి ప్లాస్మా ఎక్కేసరికే వైరస్‌తో పోరాడే సొంత ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారయ్యాయి. కొత్తగా హెచ్‌5ఎన్‌1 సోకినవారికి తొలి రోజుల్లో అవి ఉండవు.

అసలు చిక్కు దాత దగ్గర ఉంది. 2003 నుంచి ప్రపంచమంతటా నమోదైన కేసులే వెయ్యికి అటూఇటూ; వారిలో దాదాపు సగం మంది దక్కలేదు. మన దేశంలో 2021లో హర్యానా బాలుడు, 2025లో నరసరావుపేట చిన్నారి ఈ జబ్బుతోనే చనిపోయారు. దూరదేశంలో ఎవరో కోలుకున్నా, వైరస్ రూపం మారితే ఆ ప్రతిరక్షకాలు ఇక్కడ పట్టు చూపకపోవచ్చు.

కాబట్టి సిరోంచకు ముందు కావలసింది ప్లాస్మా నిల్వ కాదు. ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లో పడితే మేలు ఎక్కువ. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. అందుకే చాలామంది ప్రాణహిత వంతెన దాటి తెలంగాణ వైపు వస్తారు. ఇంట్లో కోళ్లు చచ్చాయా అని అక్కడి వైద్యుడు అడగాలి, ఆ జవాబు మహారాష్ట్ర పశువైద్య శాఖకు అదే రోజు చేరాలి. మందు బిళ్లలు సిరోంచ ఆసుపత్రిలోనే ఉండాలి, గొంతు నమూనా అక్కడే తీయాలి.