సవరణ: డేవిడ్ బ్లూమ్‌ది గుండెపోటు కాదు

ఇరాక్ యుద్ధాన్ని కవర్ చేస్తూ 2003 ఏప్రిల్ 6న చనిపోయిన అమెరికా టీవీ చానల్ ఎన్‌బీసీ విలేకరి డేవిడ్ బ్లూమ్ గురించి పెట్టిన పోస్టులో కారణం గుండెపోటు అని రాశాం. అది తప్పు. అప్పట్లో చానల్ ప్రకటించిందీ, తర్వాత ఆయన కుటుంబం చెప్పిందీ పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తుల ధమనికి రక్తపు గడ్డ అడ్డుపడటం) అనే.

గుండెపోటులో మూసుకుపోయేది గుండె కండరానికి రక్తం అందించే ధమని. ఇక్కడ జరిగింది వేరు. కాలి లోపలి సిరలో కట్టిన రక్తపు గడ్డ ఊడి, గుండె కుడి వైపు గుండా వెళ్లి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంది. అప్పటికి ఆయన వయసు 39. రోజుల తరబడి సైనిక వాహనంలో మోకాళ్లు ముడుచుకుని గడపడంతో పిక్క కండరం రక్తాన్ని పైకి నెట్టే పని ఆగిపోయింది. పైగా రక్తం తేలిగ్గా గడ్డకట్టే ఫ్యాక్టర్ 5 లైడెన్ అనే జన్యు మార్పు కూడా ఆయనలో ఉంది.

బ్లూమ్ కాలినొప్పికి ఆస్పిరిన్ వేసుకున్నారని ఆ పోస్టులో మేం రాసిన వాక్యాన్ని కొందరు సలహాగా తీసుకున్నారు. కాదండీ. ఆస్పిరిన్ ప్రధానంగా ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది. సిరలోని గడ్డకు అది పెరగకుండా ఆపే హెపారిన్ వంటి మందులు కావాలి, అవీ డాక్టరు చూసి ఇచ్చేవే. ఒక కాలే వాచి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే మర్దన చేయకుండా, సిరలో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్‌కు వెళ్లాలి. దానికి ఉన్నట్టుండి ఆయాసం, గాలి పీల్చినప్పుడు ఛాతీలో పోటు తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే.