ఎఫ్‌సి రోజున ట్రైలర్ ఆరోగ్యముగా నుండవలెను

ఎనిమిదేళ్లలోపు ట్రైలర్‌కు రెండేళ్లకోసారి, ఆ పైబడితే ఏటేటా ఎఫ్‌సి, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలంటుంది చట్టం. ఏడాదికి ఒక్క రోజు బండి బాగుంటే చాలని దీనికి మనవాళ్ల భాష్యం. చెన్నై శివారు మాధవరం, మణలి తెలుగు ఓనర్లు ఈ శాస్త్రంలో ఆరితేరారు. కొత్తగా నలభై అడుగుల ట్రైలర్ కొన్నవారికి ఆ విద్య దక్కాలి కదా!

మొదటిది పెయింటు. బ్రేకు పట్టకపోయినా చాసిస్ మెరవాలి. అయితే పెయింటర్ ఉత్సాహంలో చాసిస్ నంబరు మీదా రెండు పూతలు వేసేస్తాడు. నంబరు అచ్చు తీయడానికి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ఒక్క అంకె పడదు. ముందే థిన్నర్ గుడ్డతో తుడిపించండి. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. పెయింటు ఆరకుండా అంటిస్తే పొరతో సహా ఊడుతుంది. ఎఫ్‌సి అయ్యాక ఊడితే దోషం లేదు.

టైర్లు పన్నెండు. గాడి లోతు 1.6 మి.మీ. తగ్గకూడదు కనుక అరిగినవి లోపలికి, అద్దెకు తెచ్చిన మంచివి బయటికి. ఇలా జత కడితే పెద్ద టైరే బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డుకు రాసుకుపోతుంది, మోసేది వేడెక్కి పేలుతుంది. పేలేది సూళ్లూరుపేట దాటాక లెండి, ఇన్‌స్పెక్షన్ గ్రౌండులో కాదు.

ట్రైలర్‌ను ముందు బండికి తగిలించే ఇనుప పిన్ను, కింగ్‌పిన్, కొత్తగా 50.8 మి.మీ. మందం, 49కి అరిగితే మార్చాలి. హార్స్ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) తగిలించి తీసుకెళ్తే అది ఎవరికీ కనబడదు.

ఇక బ్రేకులు. బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టర్‌ను బ్రేకు లైనర్ డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, పావు నుంచి సగం తిప్పు వెనక్కి వదలాలి. ఆరు చోట్లా సమంగా లేకపోతే బ్రేకు తొక్కగానే ట్రైలర్ ఒక పక్కకి లాగుతుంది. గాలి పైపు జాయింట్లకు సబ్బునీళ్లు పూసి, బుడగలొస్తే రబ్బరు వాషరు మార్చాలి. ఎయిర్ ట్యాంకు కింది కుళాయి తిప్పి నీళ్లు వదిలేయాలి. ఇవన్నీ నిజంగా పనికొచ్చే పనులు కనుక వచ్చే ఎఫ్‌సికి వాయిదా వేయడం ఆనవాయితీ.

లైట్లు వెలగకపోతే బల్బుల మీద పడకండి. పోర్టు ఉప్పుగాలికి సాకెట్ పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి, లేదా ఎర్త్ వైరు తెగి ఉంటుంది.

వెనక కారు దూరకుండా అడ్డు కమ్మీ ఉండాలి, నేల నుంచి 550 మి.మీ. మించని ఎత్తులో. దానికి రెండు చుక్కల వెల్డింగ్ ధారాళం. గట్టిగా వేయిస్తే రేపు కోయించడానికి గ్యాసు దండగ. సర్టిఫికెట్ చేతికొచ్చిన సాయంత్రమే అద్దె టైర్లు విప్పి ఇచ్చేయండి, వాటి కోసం ఇంకో ట్రైలర్ జాకీ మీద ఎదురుచూస్తోంది.