ఆ ఇనుప కవచాల ఫార్వర్డ్‌కి నా జవాబు

పది రోజుల్లో ఆరుసార్లు వచ్చింది ఆ మెసేజ్. మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, బంధువుల గ్రూపులో మూడుసార్లు. ఆఖరికి మా బాబాయి విడిగా పంపి "ఒరే, నువ్వక్కడ ఆడేది ఇదేనా?" అని అడిగారు. ఇనుప కవచాలు తొడుక్కున్న పదిమంది ఒక కంచె లోపల గొడ్డళ్ళతో, డాళ్ళతో కలబడుతున్న చిన్న వీడియో, దాని కింద "మీకు తెలుసా" అంటూ ఏడు పాయింట్లు.

అవును బాబాయ్, నేను ఆడేది ఇదే. యూరప్ పాతకాలపు కవచాలు తొడుక్కుని, మొద్దు ఆయుధాలతో నిజంగానే కొట్టుకునే ఈ ఆటని బుహుర్ట్ అంటారు. ఇక్కడ అమెరికాలో మూడేళ్ళుగా వారానికి రెండు రాత్రులు ప్రాక్టీసుకి వెళ్తున్నాను. మెసేజ్ మొదట వచ్చినప్పుడు, రెండోసారి వచ్చినప్పుడు వదిలేశాను. కానీ ఏడో పాయింటు వల్ల మా అక్క ఇంట్లో ఏం జరిగిందో తెలిశాక వదలబుద్ధి కాలేదు. దాని గురించే ఎక్కువ రాయాలి, ముందు మిగతావి తేల్చేస్తాను.

"ఒక్కో కవచం 60 నుంచి 80 కిలోలు, కత్తి 10 కిలోలు" అన్నది మొదటి పాయింటు. యూరప్‌లో 15వ శతాబ్దంలో యుద్ధానికి వాడిన పూర్తి ఉక్కు కవచం మామూలుగా 15 నుంచి 25 కిలోలు ఉండేది. నాది లోపలి దళసరి మెత్తకోటు, హెల్మెట్‌తో కలిపి 29 కిలోలు, ఎందుకంటే మేం పదేపదే దెబ్బలు తినే ఆటకి రేకు కాస్త మందంగా కావాలి. అది బియ్యం బస్తా భుజాన వేసుకున్నట్టు ఉండదు. కాలి బరువు కాలికి, చేతి బరువు చేతికి పట్టీలతో బిగిస్తారు, నడుము దగ్గర గట్టిగా కడితే కొంత బరువు అక్కడే ఆగిపోతుంది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కోసం 1520లో గుర్రం లేకుండా నేల మీద నిలబడి ఆడే పోటీకని చేసిన కవచం లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఉంది. ఒళ్ళంతా ఎక్కడా సందు లేకుండా కప్పేసే ఆ కవచమే 43 కిలోలకి మించదు. అది కూడా పోటీ కోసం చేసిందే తప్ప యుద్ధం కోసం కాదు. ఇక కత్తంటారా, రెండు చేతులతో పట్టే పొడుగు కత్తి కూడా చాలావరకు కిలోంపావు నుంచి కిలోన్నర మధ్యలో ఉంటుంది. పది కిలోల కత్తిని ఒక్కసారి విసురుగా తిప్పి చూడండి, దాని వెంట మీరే పడతారు.

"కింద పడితే లేవలేరు, గుర్రం ఎక్కించడానికి క్రేన్ కావాలి" అన్నది రెండోది. ఇది ఎప్పటినుంచో తిరుగుతున్న అబద్ధం, 1944లో వచ్చిన ఒక ఇంగ్లీషు సినిమా దీన్ని ఇంకా బాగా తలకెక్కించింది. ఫ్రాన్స్ సేనాని (మార్షల్) బూసికో అని ఒకాయన ఉండేవాడు. 1415లో అజిన్‌కోర్ట్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళకి పట్టుబడ్డాడు, 1421లో ఇంగ్లండ్‌లోనే పోయాడు. ఆయన బతికుండగానే రాసిన జీవితచరిత్రలో ఆయన చేసే కసరత్తు వివరంగా ఉంది. హెల్మెట్ ఒక్కటి తీసేసి మిగతా కవచమంతా తొడుక్కుని పిల్లిమొగ్గ వేసేవాడు. రికాబులో కాలు పెట్టకుండా గుర్రం మీదికి దూకేవాడు. గోడకి వాల్చిన నిచ్చెనకి లోపలివైపు నుంచి, కాళ్ళు ఆనించకుండా చేతులతోనే ఎక్కేవాడు. మా క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి నెలలో నేర్పేదే పడి లేవడం.

కాకపోతే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. కవచంలో అలసట మాత్రం మామూలుగా ఉండదు. 2011లో లీడ్స్ యూనివర్సిటీవాళ్ళు అనుభవం ఉన్న నలుగురికి కవచం తొడిగి ట్రెడ్‌మిల్ మీద నడిపించి కొలిచారు. నడకకి అయ్యే శక్తి రెట్టింపు దాటింది. కాళ్ళకి కట్టిన ఉక్కుని ప్రతి అడుక్కీ ఊపాలి కదా, వీపు మీద అంతే బరువు మోసినా ఇంత ఖర్చు కాదు. ఛాతీ బిగుసుకుపోయి ఊపిరి నిండుగా అందదు, చిన్న చిన్న శ్వాసలే తీసుకోవాలి. రెండు నిమిషాల పోరు అయ్యాక హెల్మెట్ ముందుభాగం ఎత్తి గాలి పీల్చుకునే క్షణం ఎలా ఉంటుందో ఆడినవాళ్ళకే తెలుసు.

మూడో పాయింటు "అంతా నటన, ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు." నాలుగో పాయింటు "రూల్స్ ఏమీ లేవు, చచ్చేదాకా కొట్టుకుంటారు." ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి! రాసినవాళ్ళు సరే, కనీసం ఫార్వర్డ్ చేసేవాళ్ళకైనా ఇది తట్టలేదా? నటనైతే చావెందుకు, చచ్చేదాకా అయితే నటన ఎక్కడిది? ఒక్కటి ఎంచుకోండి.

రూల్స్ సంగతి చెప్తాను. ఐదుగురికి ఐదుగురు, మూడు రౌండ్లలో రెండు గెలిస్తే మ్యాచ్. రెండు పాదాలు కాకుండా ఒంట్లో మూడో భాగం ఏదైనా నేలకి తగిలితే వాడు ఆ రౌండుకి అవుట్, అందుకే ఇందులో కత్తి దెబ్బకన్నా కుస్తీ పట్టు ఎక్కువ పనిచేస్తుంది. కత్తి అంచు మొద్దుగా, కనీసం రెండు మిల్లీమీటర్ల మందం ఉండాలి. పొడవడం పూర్తిగా నిషేధం. మెడ వెనక, మోకాలి వెనక, గజ్జల్లో, పాదాల మీద కొట్టకూడదు. కంచె లోపలా బయటా మార్షల్స్ అనే రిఫరీలు ఉంటారు, చెయ్యెత్తి ఆపమంటే ఆగాల్సిందే. ఇవన్నీ ఈకాలం మెతకవాళ్ళు పెట్టుకున్న ఏర్పాట్లని కూడా అనుకోకండి. 1292లో ఇంగ్లండ్‌లో మొదటి ఎడ్వర్డ్ కాలంలోనే ఇలాంటి పోటీల్లో మొన ఉన్న కత్తులు వాడకూడదని శాసనం చేశారు. 1460 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని ఆంజూ ప్రాంతపు పాలకుడు రేనే రాజు పోటీలు ఎలా జరపాలో బొమ్మలతో సహా ఒక గ్రంథమే రాశాడు. మొద్దు కత్తులు, పొడవకూడదు, నడుము కింద కొట్టకూడదు అని అందులో ఉంది. అంతకుముందు చర్చి 1130 నుంచి 1316 దాకా ఈ పోటీల్ని నిషేధించి చూసింది, పోటీలో పోయినవాడికి చర్చి స్థలంలో సమాధి కూడా లేదంది, అయినా ఆడేవాళ్ళు ఆగలేదు. ఆగనప్పుడు రూల్స్ పెట్టక తప్పదు కదా.

"ఆడవాళ్ళకి ప్రవేశం లేదు" అన్నది ఐదోది. తప్పు. ప్రపంచ పోటీల్లో మహిళల జట్లు ఉన్నాయి. నాకు డాలుతో నెట్టడం నేర్పింది మా క్లబ్బులోని ఒక నర్సు.

ఆరో పాయింటులో రెండు ముక్కలున్నాయి. "మన కర్రసాము వదిలేసి తెల్లవాళ్ళ పిచ్చికి ఎగబడుతున్నారు" అన్నది మొదటి ముక్క. దీనికి జవాబు ఒక్క వాక్యం: ఈ మెసేజ్ పంపిన ఆరుగురిలో కర్రసాము నేర్చుకున్నవాళ్ళు ఎవరో చేతులెత్తండి. రెండో ముక్క "ఇది అసలైన చరిత్ర కాదు" అని. ఇది మాత్రం నిజం. మొత్తం మెసేజ్‌లో ఇదొక్కటే సరిగ్గా రాశారు. ఆకాలపు యుద్ధంలో కవచం తొడుక్కున్నవాణ్ణి రేకు మీద గొడ్డలితో బాదుతూ కూర్చునేవారు కాదు. కింద పడేసి చంకలోనో, హెల్మెట్ కళ్ళ సందులోనో బాకు దించేవారు. మేం పొడవడమే నిషేధించాం, అంటే ఆ యుద్ధంలో అన్నిటికన్నా ముఖ్యమైన విద్యని తీసేశాం. పైగా కొందరు టైటానియం రేకుతో కవచాలు చేయించుకుంటారు, ఆ లోహం కనిపెట్టిందే 1791లో. 2010లో ఉక్రెయిన్‌లోని ఖోటిన్ కోటలో నాలుగు దేశాల జట్లతో మొదటిసారి జరిగిన 'బ్యాటిల్ ఆఫ్ ది నేషన్స్' నుంచి లెక్కేస్తే ఇప్పుడున్న రూపానికి సుమారు పదిహేనేళ్ళ వయసు. ఇది కొత్త ఆట. పాత పోటీల నుంచి పుట్టిన కొత్త ఆట. మా క్లబ్బులో కొందరు "మేం చరిత్రని బతికిస్తున్నాం" అంటారు, ఆ మాట నాకు ఎప్పుడూ ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఇక ఏడోది. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తాను: "ఉక్కు హెల్మెట్ ఉంటుంది కాబట్టి తలకి ఏమీ కాదు. జీఐ షీటుతో ఇంట్లోనే చేసుకోవచ్చు. పిల్లలకి ఫోన్ మానిపించడానికి మంచి ఆట."

ఈ మూడు వాక్యాలు రాసినవాళ్ళ మీద నాకు ఎంత కోపం ఉందో చెప్పలేను.

హెల్మెట్ పుర్రె పగలకుండా ఆపుతుంది. అంతవరకే. పుర్రె లోపల మెదడు ద్రవంలో మెత్తగా తేలుతూ ఉంటుంది. తల ఒక్కసారి విసురుగా పక్కకి తిరిగితే లోపల మెదడు కూడా కదిలి, మెలిపడి, సాగుతుంది. ఉక్కు మీద చిన్న సొట్ట కూడా పడకపోవచ్చు, లోపల మాత్రం కంకషన్, అంటే మెదడుకి కుదుపు దెబ్బ, అవుతుంది. హెల్మెట్‌లోని మెత్త ఆ విసురుని కొంత తగ్గిస్తుంది, అసలు లేకుండా చెయ్యలేదు. ఉక్కులోంచైనా ఏదో ఒకటి దూరుతుందని చెప్పడానికి 1559 చాలు. ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ, దేశంలోకెల్లా మంచి కవచం ఉన్న మనిషి, పెళ్ళివేడుకల పోటీలో విరిగిన బల్లెం పేడు హెల్మెట్ ముందుభాగంలోంచి కంటి దగ్గర దిగి పదిరోజులకి పోయాడు.

నా సంగతే చెప్తాను. రెండేళ్ళ క్రితం ప్రాక్టీసులో చెవి పక్కన గొడ్డలి దెబ్బ తగిలింది. నొప్పి లేదు. గంట కొట్టినట్టు ఒక మోత, అంతే. మాకు నేర్పే ఆయన "బాగానే ఉన్నావుగా, కానివ్వు" అన్నాడు, నేనూ బాగానే ఉన్నాననుకుని ఇంకో రెండు రౌండ్లు ఆడాను. అది ఆయన తప్పూ, నా తప్పూ. ఇంటికి వస్తూ రోజూ దిగే ఎగ్జిట్ దాటిపోయి, పదిహేను నిమిషాలయ్యాక ఎక్కడున్నానో తెలియక కారు పక్కకి ఆపాను. మర్నాటి నుంచి మూడు వారాలు లాప్‌టాప్ వెలుతురు చూస్తే వాంతి వచ్చేది. డాక్టరు చెప్పింది నాకు ఇంకా గుర్తుంది: మొదటి దెబ్బకన్నా, అది మానకముందే తగిలే రెండో దెబ్బ ప్రమాదం, అందులోనూ చిన్న వయసువాళ్ళకి. అప్పటినుంచి మా క్లబ్బులో ఒకటే పద్ధతి. అనుమానం వస్తే ఆ రోజుకి కవచం విప్పేయాలి, వాదన లేదు, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ కంచెలోకి. తలనొప్పి, వాంతి, మాట తడబడటం, వెలుతురు పడకపోవడం, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం, వీటిలో ఏది కనిపించినా ఆట ఆపాలి. వాంతులు ఆగకపోయినా, మగతలోకి జారుతున్నా నేరుగా ఆసుపత్రికే.

ఇక జీఐ షీటు. కప్పు మీద వేసే రేకు అర మిల్లీమీటరు ఉంటుంది. మా హెల్మెట్లు రెండు మిల్లీమీటర్ల పైన, లోపల తలకి సరిపడా కుట్టిన మందపాటి మెత్త, గడ్డం కింద ఊడిపోని పట్టీ. పల్చటి రేకు దెబ్బకి లోపలికి మడతపడుతుంది, మడతపడ్డ అంచు కత్తిలా ఉంటుంది, అది ఎవరి నుదుటికి ఆనుకుని ఉంటుందో ఆలోచించండి. పైగా ఆ రేకుని వెల్డింగ్ చేస్తే పైనున్న జింకు పూత కాలి పొగ వస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం రావచ్చు. ఇవన్నీ మన ఎండల్లో. పిల్లవాడికి దళసరి కోటు తొడిగి, పైన రేకు కప్పి, విశాఖపట్నం మే నెలలో మేడ మీద ఆడించడం ఫోన్ మానిపించడమా? ఇంత గొప్ప సలహా ఇచ్చినవాళ్ళు తమ పిల్లల తల మీద పెట్టి ముందు చూశారా?

విశాఖపట్నం అని ఎందుకన్నానంటే, మా అక్కావాళ్ళది అక్కడే. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో మా మేనల్లుడు, పద్నాలుగేళ్ళవాడు, "మామయ్యా, చూడు" అంటూ బకెట్ ఆకారంలో ఉన్న ఒక రేకు డబ్బా తల మీద పెట్టుకుని వచ్చాడు. వీధి చివర వెల్డింగ్ షాపులో చేయించాడట. లోపల పాత తువ్వాలు మడిచి పెట్టాడు. కళ్ళకి సందు రేకు కత్తెరతో కోశారు, అంచు రాపిడి కూడా పట్టలేదు. వాడి ఇద్దరు స్నేహితులకీ చెరొకటి. చేతిలో కుళాయి పైపు ముక్కలు. ఇంతవరకు గట్టిగా కొట్టుకోలేదన్నాడు, ఆదివారం సాయంత్రం మొదలుపెడదామనుకున్నారట. ఈ ఆలోచన ఎక్కడిదిరా అంటే నాన్నకి వచ్చిన మెసేజ్ చూశానన్నాడు. వాడికి ఆ మెసేజ్ మీద నమ్మకం కుదరడానికి ఒక కారణం నేనే, మామయ్య ఆడే ఆట కదా అని.

అరగంట మాట్లాడాను. తిట్టలేదు. నా హెల్మెట్ కెమెరా ముందు తిప్పి చూపించాను, వెర్నియర్ కాలిపర్‌తో రేకు మందం కొలిచి చూపించాను, ఆ మూడు వారాల సంగతి మొదటిసారి వాడికి చెప్పాను, మా అక్కకి కూడా అప్పుడే తెలిసింది, అందుకు నేను వేరేగా తిట్లు తిన్నాను. డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఫోమ్‌తో చేసిన మెత్తటి కత్తులు రెండు తెస్తానన్నాను. పిల్లలు మొదలుపెట్టేది వాటితోనే. అప్పటిదాకా అడుగులు వెయ్యడం, పడి లేవడం వీడియోలో నేర్పుతాను, మెత్తటి ఇసుకలో, తల మీద ఏమీ లేకుండా. మూడు డబ్బాలూ పాత ఇనుము కొట్టుకి వెళ్ళాయి. వాడు ఇంకా ముభావంగానే ఉన్నాడు.

బాబాయ్, మీరు నాకు పంపేముందు ఇంకెవరికైనా పంపి ఉంటే ఆ నంబర్లు ఇవ్వండి. వాళ్ళిళ్ళలో పిల్లలుంటే నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.