రెండో నెల మాత్రలు అందితేనే పల్లె క్లినిక్ నిలిచేది

పల్లె ఆస్పత్రి అనగానే మన చర్చంతా భవనం చుట్టూ, డాక్టరు పోస్టు చుట్టూ తిరుగుతుంది. కొల్లూరు లంకల్లోనో, ఏ.కొండూరు తండాల్లోనో, బొల్లాపల్లి వైపు ఊళ్లలోనో క్లినిక్‌కు జనం రావడం మానేస్తే కారణం చాలాసార్లు మందుల అల్మరాలో దొరుకుతుంది. బీపీ మాత్రలకు రెండో నెల వచ్చిన మనిషికి ‘‘స్టాకు లేదమ్మా, వచ్చే వారం రండి’’ అంటే చాలు. కూలి మానుకుని వచ్చిన మనిషి మళ్లీ ఎందుకొస్తుంది? ఆర్‌ఎంపీ దగ్గరకు పోతుంది, లేదా మాత్రలే మానేస్తుంది.

లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లను 2,500 జనాభాకు ఒకటి చొప్పున తలపెట్టారు. అందులో బీపీకి మందు వాడేవాళ్లు 200 మంది అనుకుంటే, రోజుకో ఆమ్లోడిపిన్ చొప్పున నెలకు 6,000 మాత్రలు. షుగరు ఉన్నవాళ్లు వంద మంది, మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు అంటే మరో 6,000. మూడు నెలలకోసారి ఇండెంట్ (మందులు పంపమని అడిగే కాగితం) పెడుతూ, సరుకు చేరడానికి నెల పట్టే చోట, ఒక నెల అదనం కూడా కలుపుకుంటే, అంటే మొత్తం ఐదు నెలలకు, చేతిలో ఉన్నదీ అడగాల్సిందీ కలిపి ఒక్కో మందు 30,000 ఉండాలి.

తప్పు జరిగేది ఇక్కడే. ఇండెంట్‌ను గత మూడు నెలల ఖర్చును బట్టి వేస్తారు. 90 రోజుల్లో 50 రోజులే స్టాకు ఉండి 5,000 మాత్రలు పంచారనుకోండి. కాగితం మీద నెల సగటు 1,667. స్టాకున్న రోజులతో భాగిస్తే అసలు అవసరం 3,000. మొదటి అంకెతో ఇండెంట్ పెడితే వచ్చేసారి స్టాకు ఇంకా ముందే అయిపోతుంది, ఆపై సారి సగటు ఇంకా తగ్గుతుంది. కొరతే కొరతను పెంచుతుంది, రిజిస్టరు మాత్రం ‘ఇక్కడ గిరాకీ లేదు’ అని చెబుతుంది. ఇండెంట్ ఫారంలో ‘స్టాకు లేని రోజులు’ అని ఒక్క గడి పెడితే తీరే సమస్య ఇది.

షుగరు పరీక్ష స్ట్రిప్పులదీ అదే తంతు. గ్లూకోమీటరు ఒక కంపెనీది, తర్వాతి టెండరులో వచ్చిన స్ట్రిప్పులు మరో కంపెనీవి. రెండూ కలవవు. మూత తీసిన డబ్బాను సాధారణంగా మూడు నెలల్లోపు వాడేయాలి. మూత సరిగా పెట్టకపోతే మన కోస్తా తేమకు రీడింగులు అంతకుముందే తేడా కొడతాయి. డబ్బా మీద తెరిచిన తేదీ రాయడానికి పైసా ఖర్చు లేదు.

కరెంటు గురించి అనవసరంగా భయపడుతుంటాం. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య పీహెచ్‌సీలో ఉంటాయి, టీకాల రోజున ఐసు పెట్టిన క్యారియర్‌లో ఊరికి వస్తాయి. క్లినిక్‌కు కావల్సింది నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, తక్కువ కరెంటుతో తిరిగే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ట్యాబ్ ఛార్జింగ్, అప్పుడప్పుడూ నెబ్యులైజరు. అంతా కలిపి రోజుకు ఒక యూనిట్ లోపే. ఒక కిలోవాట్ సోలార్, 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ సరిపోతాయి. ప్యానెళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తాయి, ముందు పోయేది బ్యాటరీయే. డిస్టిల్డ్ వాటర్ పోయడం ఎవరి పనో ఎక్కడా రాసి ఉండదు. 16,000 రూపాయల బ్యాటరీ నాలుగేళ్లు వస్తుందనుకుంటే ఏటా 4,000 పక్కన పెట్టాలి. ఈ పద్దు లేకుండా సోలార్ ప్రారంభోత్సవాలు చేయడం దండగ.

సిబ్బంది విషయం ఒక్క మాట. 104 వాహనంలో డాక్టరు ఊరికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో మొదలైంది. మంచిదే. కానీ మిగతా రోజుల్లో తలుపు తీసేది ఎంఎల్‌హెచ్‌పీ, అంటే క్లినిక్‌లో ఉండే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్. ఆమె సెలవు పెడితే బదులు ఎవరొస్తారో ముందే తేలి ఉండాలి. యాప్‌లలో వివరాలు ఎక్కించడంలోనే ఆమె సగం పూట గడిచిపోతే రోగిని చూసేదెప్పుడు?

లంకలకు వరద లెక్క వేరే వేయాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. కాబట్టి జూలై నెలాఖరుకే రెండు నెలల అదనపు మందులు చేరాలి, అల్మరా కింది అరల్లో ఏమీ పెట్టకూడదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కాన్పు తేదీలున్న గర్భిణుల జాబితా, డయాలసిస్‌కు వెళ్లేవాళ్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర ఉండాలి. గర్భిణులను రెండు వారాల ముందే గట్టు దాటించాలి. పాము కాటుకు విరుగుడు మందు మొదటి డోసే పది వయల్స్ (చిన్న సీసాలు), అదీ డాక్టరు ఉన్నచోటే ఎక్కించాలి కాబట్టి రాత్రిపూట వచ్చే పడవ ఎవరిదో తెలిసి ఉండాలి. ఆ పడవ డీజిలు ఏ పద్దు కింద ఇస్తారో జూన్‌లోనే కాగితం మీద తేల్చుకోవాలి.