ఏసీ ఫంక్షన్ హాలుకు ఒక బొంగురు గొంతు మనవి

మహారాజశ్రీ ఏసీ ఫంక్షన్ హాలు గారికి,

నిన్న తమరి వేదిక మీద మా తోటి మాస్టారి పదవీ విరమణ సభలో నాలుగు మంచి మాటలు చెప్పబోయినవాణ్ని. గొంతు పూర్తిగా పోయింది కనుక కాగితం మీద విన్నవించుకుంటున్నాను.

తమరి ఏసీ చల్లదనం మూడో వరుస దాటదు, సంతోషం. తమరి మైకు కూత పెట్టింది, కట్టేయించాను. కానీ తమరి గోడలను ఏం చేయమంటారు?

"ఆయన సౌమ్యుడు" అన్నాను. ఆ మాటను పాలరాతి నేల అందుకుని గాజు తలుపులకిచ్చింది, అవి కప్పుకిచ్చాయి. నేను తరవాతి మాట ఎత్తుకున్నా పాత మాట ఇంకా పైన తిరుగుతూనే ఉంది. చివరి వరుసకు చేరినది మాత్రం "మూఢుడు"! మాస్టారి భార్య నా వంక చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. గొంతు పెంచాను. ప్రతిధ్వనీ అంతకంత పెరిగింది. నేనెంత అరిస్తే అదీ అంత అరుస్తుంది. మాట స్పష్టత మాత్రం పిసరంత పెరగదు. మాటా మాటా విడదీసి నిదానంగా చెబితే కొంత మేలు. కానీ భోజనాల వేళ నిదానంగా మాట్లాడేవాణ్ని మన గోదావరి జిల్లాల్లో ఎవరు భరిస్తారు?

పైగా పక్కనే భోజనశాల. చుట్టూ రొద ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు హెచ్చిస్తాడని ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు. పూతరేకు కావాలని ఒకడు అరుస్తాడు, వాణ్ని మించి పెరుగు కావాలని ఇంకొకడు.

హార్వర్డులోనూ ఇదే గోల వచ్చింది. 1895లో అక్కడి ఒక ఉపన్యాస మందిరంలో శబ్దం ఐదు సెకన్లకు పైగా మోగేది. వాలెస్ సబీన్ అనే కుర్ర ఆచార్యుడు దగ్గర్లోని నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, పరిచి, మోత ఎంతసేపు నిలుస్తోందో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. గది ఎంత పెద్దదైతే మోత అంతసేపు. శబ్దాన్ని పీల్చే సరుకు ఎంత ఎక్కువుంటే అంత తక్కువ. ఇంతే సూత్రం.

ఓయ్ హాలూ, నువ్వు ఉన్నది కోనసీమలో! రోడ్డు పక్కన కొబ్బరిపీచు గుట్టలుగా పడి ఉంది. దాన్ని పలకలుగా చేయించి గోడలకు తగిలిస్తే నీ సొమ్మేం పోయింది? తగిలించినవేమో గాజు షాండ్లియర్లు! మా పెద్దల పెళ్ళిళ్ళు తాటాకు పందిళ్ళలో జరిగాయి. మాట ఆకుల సందుల్లోంచి బయటికి పోయేదే తప్ప తిరిగొచ్చి నెత్తిన పడేది కాదు. ఒక్క రోజుకు ఎకరం మీద కౌలంత అద్దె గుంజుతావు, ఒక్క పరదా కట్టించలేవా?

మాఘంలో మా అమ్మాయి పెళ్ళి కూడా నీలోనే. వియ్యంకులు అడ్వాన్సు ఇచ్చేశారు, నేను కాదనలేకపోయాను. పురోహితుడి సంగతి దిగులు లేదు. ఆయన చెప్పేది ఎటూ ఎవరూ వినరు. వియ్యంకులతో మాట్లాడాల్సినవి మాత్రం నీ గేటు బయట, కాలవ గట్టున కుర్చీలు వేయించుకుని మాట్లాడతాను.

ఇట్లు,
ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్న మాస్టారు