శత్రుప్రేమ: వాడే విధానం, జాగ్రత్తలు

మత్తయి సువార్త 5వ అధ్యాయం 44వ వచనం చిన్నదే. "మీ శత్రువులను ప్రేమించుడి. మిమ్మును హింసించు వారికొరకు ప్రార్థన చేయుడి." మినహాయింపుల్లేవు, గడువు లేదు, "యుద్ధకాలంలో వర్తించదు" అన్న షరతు లేదు. ఇలాంటి వాక్యాన్ని చేతిలో పెట్టి సైన్యాన్ని నడుపుకోమంటే ఏ రాజ్యమైనా ఏం చేస్తుంది? ఆ చిక్కు విప్పడానికి పదిహేడు వందల ఏళ్లుగా మహామహులు పడ్డ శ్రమకు తగిన గౌరవం దక్కలేదు. ఈ వ్యాసం ఆ లోటు తీర్చే ప్రయత్నం.

మొదటి మూడు శతాబ్దాల వాళ్లకు పద్ధతి తెలియదు. పేతురు చేత కత్తి దించినప్పుడే ప్రభువు ప్రతి సైనికుడి నడికట్టూ విప్పేశాడని తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ రాసేశాడు. 295లో ఉత్తరాఫ్రికాలోని తెవెస్తేలో మాక్సిమిలియన్ అనే 21 ఏళ్ల కుర్రాణ్ని సైన్యంలో చేర్చుకోవడానికి ఎత్తు కొలిచారు. కొలత సరిపోయింది. కుర్రాడే సరిపోలేదు. క్రైస్తవుణ్ని, సైనికుణ్ని కాలేనన్నాడు. తల తీశారు. 312లో క్రైస్తవుల పక్షం వహించిన రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ గెలిచాడు, 314లో ఆర్ల్ నగరంలో బిషప్పులు సమావేశమై శాంతికాలంలో ఆయుధాలు పారేసే వాళ్లకు ప్రభు భోజనం (గుడిలో పంచే రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వకూడదని తీర్మానించారు. ("శాంతికాలంలో" అని ఎందుకన్నారో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు.) ఆయుధం పట్టనన్నవాణ్ని రాజ్యం చంపిన రోజు నుంచి, పారేసినవాణ్ని సంఘమే వెలివేసే రోజు దాకా పట్టింది పందొమ్మిదేళ్లు. ఏ శాఖలోనూ ఫైలు ఇంత త్వరగా కదలదు.

ఇక విధానం. ముందుగా మనసును చేతి నుంచి విడదీయాలి. ఈ శస్త్రచికిత్స చేసినవాడు ఉత్తరాఫ్రికా బిషప్పు అగస్టీన్. చెంప తిప్పమన్నది శరీరంతో చేసే పని గురించి కాదు, లోపల ఉండాల్సిన సిద్ధపాటు గురించి అన్నాడు. దీంతో ప్రేమ గుండెలోకీ కత్తి చేతిలోకీ సర్దుకున్నాయి, దేని చోటు దానిది. లోపలి ప్రేమను ఎవరూ తనిఖీ చేయలేకపోవడం ఇందులోని సుగుణం. తరువాత 13వ శతాబ్దంలో కాథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ మూడు షరతులు పెట్టాడు: యుద్ధం ప్రకటించే అధికారం ఉండాలి, కారణం న్యాయమైనదై ఉండాలి, ఉద్దేశం మంచిదై ఉండాలి. ఈ మూడూ ఉన్నాయో లేవో చూసేది ఎవరంటే, మామూలుగా యుద్ధం ప్రకటించేవాడే. ఇప్పటిదాకా ఈ పరీక్షలో తాను తప్పానని తేల్చుకున్న రాజు కనబడడు.

లెక్కల విభాగం అన్నిటికన్నా ముచ్చటైనది. 1066లో హేస్టింగ్స్ యుద్ధం గెలిచాక నార్మన్ బిషప్పులు తమ సైనికులకే ప్రాయశ్చిత్తపు పట్టిక ఖరారు చేశారు. చంపానని తెలిస్తే మనిషికి ఒక ఏడాది. కొట్టాను గానీ చచ్చాడో లేదో తెలియదంటే మనిషికి నలభై రోజులు. ఎందరో లెక్క లేకపోతే బతికినంత కాలం వారానికొక రోజు, లేదా ఒక గుడి కట్టించి చేతులు దులుపుకోవచ్చు. (విలియం రాజు యుద్ధం జరిగిన చోటే మఠం కట్టించాడు.) కొట్టాలనుకుని ఎవరినీ కొట్టలేకపోయినవాడికి కూడా మూడు రోజులు పడ్డాయి. ఇక విలుకాళ్లు. వాళ్ల బాణం ఎవరికి తగిలిందో వాళ్లకే తెలియదు కాబట్టి టోకున మూడు లెంటు కాలాలు (ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల ఉపవాసకాలం లెంటు), అంటే నూట ఇరవై రోజులు.

పట్టికను జాగ్రత్తగా చదవండి. దగ్గర నిలబడి కత్తితో పదిమందిని చంపినవాడికి పదేళ్లు, దూరంగా నిలబడి ఎందరిని చంపాడో తెలియనివాడికి నాలుగు నెలలు. ఎంత దూరం జరిగితే పాపం అంత పలచబడుతుందన్న సూత్రం ఇందులో ఉంది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద దాదాపు తొమ్మిది కిలోమీటర్ల ఎత్తు నుంచి బాంబు వేశారు. విమానం నడిపినవాడు కాథలిక్కు. పేలుడు కేంద్రానికి సుమారు అర కిలోమీటరులో ఉరకామి కాథలిక్ కథెడ్రల్, లోపల పాపసంకీర్తనం కోసం, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి వచ్చిన విశ్వాసులు. విలుకాళ్ల రేటు ప్రకారమైతే నూట ఇరవై రోజులే.

అసలు ప్రాయశ్చిత్తమే ఎందుకని అడిగినవాళ్లూ ఉన్నారు. 10వ శతాబ్దపు బైజాంటిన్ చక్రవర్తి నికెఫోరోస్ ఫోకాస్, యుద్ధంలో చచ్చిన తన సైనికుల్ని హతసాక్షులుగా, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లుగా ప్రకటించమన్నాడు. అక్కడి సంఘాధిపతి, పాత్రియార్క్ పోలియుక్తోస్ ఒప్పుకోలేదు. యుద్ధంలో చంపినవాడు మూడేళ్లు ప్రభు భోజనానికి దూరంగా ఉండాలన్న 4వ శతాబ్దపు బిషప్పు బాసిల్ నియమాన్ని అడ్డు పెట్టాడు. ఆ కొరత వెయ్యేళ్ల తరువాత తీరింది. 2022 సెప్టెంబరులో మాస్కో పాత్రియార్క్ కిరిల్, సైనిక విధిలో చనిపోయినవాడి పాపాలన్నీ ఆ త్యాగంతో కడుక్కుపోతాయని ప్రసంగించాడు. అవతలి కందకంలో ఉన్న ఉక్రెయిన్ వాళ్లలోనూ ఎక్కువమంది ఆర్థడాక్సులే. వాళ్ల పాపాలు ఎలా పోతాయో ఆ ప్రసంగం పరిధిలోకి రాలేదు.

పరికరాల గురించి రెండు ముక్కలు. 1139లో కాథలిక్ సంఘపు రెండో లాటరన్ మహాసభ క్రైస్తవుల మీద అడ్డవిల్లు వాడకాన్ని నిషేధించింది. మిగతావాళ్ల ఊసెత్తలేదు. అమెరికా సైన్యం వాడే తుపాకుల గురి అద్దాల మీద బైబిలు వచనాల సంఖ్యలు చెక్కి ఉన్నాయని 2010లో బయటపడింది. యోహాను 8:12 ఒకటి: "నేను లోకమునకు వెలుగును." అదే మత్తయి 5:44 చెక్కి ఉంటే గురి చూసేవాడు సందేహంలో పడి ఒక క్షణం ఆగే ప్రమాదం ఉంది.

ఎవరైనా 5:44 ఎత్తితే లూకా 22:36 తో జవాబివ్వండి: కత్తి లేనివాడు బట్ట అమ్మి కత్తి కొనుక్కోవాలి. కాని అక్కడే ఆగండి. రెండు వచనాలు దిగితే, శిష్యులందరికీ కలిపి రెండు కత్తులు చూపించగా "చాలును" అన్న మాట ఉంది. ఏ రక్షణ శాఖా రెండింటితో ఆపదు. ఇంకాస్త దిగితే ఇంకా ఇబ్బంది. ఆ రెంటిలో వాడింది ఒకటి, తెగింది ఒక చెవి, దాన్నీ యేసు అక్కడికక్కడే ముట్టి బాగుచేశాడు. సైనికపరంగా నికర ఫలితం సున్నా. రోమా 12:20 లో కూడా శత్రువు తల మీద కుప్పగా పోసే నిప్పుల్నే గుర్తుంచుకోండి, ముందున్న భోజనాన్ని వదిలేయండి.

సూచనలు చదవకుండా వాడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1569లో నెదర్లాండ్స్‌లోని అస్పెరెన్ దగ్గర అనబాప్టిస్టు (పెద్దయ్యాకే బాప్తిస్మం అనే శాఖవాడు) డిర్క్ విల్లెమ్స్ చెర నుంచి పారిపోతూ పలచటి మంచు మీదుగా చెరువు దాటాడు. తరుముతున్న భటుడు మంచు విరిగి మునిగిపోతుంటే వెనక్కొచ్చి లాగాడు. బతికిన భటుడి చేతనే పట్టించి, తగలబెట్టారు. 1943లో ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ జేగర్‌స్టాటర్ హిట్లర్ సైన్యంలో పోరాడనన్నాడు. ఇంటి బాధ్యతలు చూసుకోమని బిషప్పు కూడా నచ్చజెప్పాడు. వినలేదు, తల పోయింది. 2007లో ధన్యుడిగా ప్రకటించారు. మాక్సిమిలియన్ కూడా ఇప్పుడు పునీతుడే. పాటించినవాళ్లకు సంఘం అన్యాయం చేయదు, పండుగ రోజు కేటాయిస్తుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

చివరి జాగ్రత్త క్రిస్మస్ గురించి. 1914లో, మొదటి ప్రపంచయుద్ధపు పశ్చిమ రంగంలో చాలాచోట్ల జర్మన్, బ్రిటిష్ సైనికులు కందకాల్లోంచి బయటికొచ్చి పాటలు పాడుకున్నారు, పొగాకు పంచుకున్నారు. ప్రేమ లోపలి నుంచి చేతుల్లోకి కారిపోయిందన్నమాట. 1915 పండుగకు ముందే అలాంటిది కూడదని గట్టి ఆదేశాలు వెళ్లాయి. అయినా కాసేపు సంధికి ఒప్పుకున్న బ్రిటిష్ దళం స్కాట్స్ గార్డ్స్ కెప్టెన్ ఇయన్ కొల్కూన్‌ను కోర్టు మార్షల్ చేసి, మందలింపుతో వదిలారు. విల్లెమ్స్ రోజులతో పోలిస్తే రేటు బాగా తగ్గినట్టే.